నవల చెప్పకుండా వదిలేసిన రాత్రిని బొమ్మగా వేయడం ఎలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీ సొంతూరు రాయచోటి దగ్గర పల్లె, ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నారు. ఈమధ్య చదివిన ఒక నవలలో ఒక తల్లి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్తుంది. ప్రయాణానికి ముందు సాయంత్రం ఆమె బ్యాగు సర్దుకోవడంతో ఒక అధ్యాయం అయిపోతుంది. తర్వాతి అధ్యాయం చెన్నై ఎయిర్‌పోర్టులో మొదలవుతుంది. మధ్యలో ఉన్న రాత్రి గురించి రచయిత ఒకే మాట రాశారు, ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదని. మీరు ఆ రాత్రిని బొమ్మ వేయాలనుకుంటున్నారు. రచయిత చెప్పనిదాన్ని వేయడం తప్పా? ఎక్కడ మొదలుపెట్టాలి? మూడుసార్లు గీస్తే మూడుసార్లూ బిడ్డను గుండెకు హత్తుకొని ఏడుస్తున్న తల్లే వచ్చిందని, అది సినిమా పోస్టర్‌లా ఉందని చించేశానని రాశారు. ఇదీ మీ ప్రశ్న.

సూటి జవాబు: వేయండి, తప్పేమీ లేదు. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో వేయకండి. జరిగినది ఏ వస్తువు మీద, ఏ గోడ మీద, ఏ వెలుతురులో గుర్తుగా మిగిలిందో అది వేయండి. మొదలుపెట్టాల్సింది క్యాన్వాస్ మీద కాదు, నవలలో ఆ రాత్రికి ముందు ఇరవై పేజీలు, తర్వాత ఇరవై పేజీల్లో. మీ మూడు బొమ్మలూ పోస్టర్లలా రావడానికి కారణం మీ చెయ్యి కాదు. ఆ పేజీలు ఇంకా మీ చేతికి చిక్కలేదు, అంతే.

నేను కడప జిల్లాలో హైస్కూలు డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కథలకు బొమ్మలు, పుస్తకాలకు కవర్లు, నా సొంత పెయింటింగులు, అన్నీ కలిపి ముప్పై అయిదేళ్ళుగా వేస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

తప్పా ఒప్పా అన్న భయం ముందు తీసేసుకోండి. ఇది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే. వాల్మీకి రామాయణంలో ఊర్మిళ గురించి ఏముంది? పెళ్ళి దగ్గర పేరు వస్తుంది, ఆ తర్వాత లక్ష్మణుడు అడవికి పోతాడు, ఆమె పద్నాలుగేళ్ళు ఎట్లా గడిపిందో కవి పట్టించుకోలేదు. మన తెలుగు ఆడవాళ్ళు పట్టించుకున్నారు. ఊర్మిళాదేవి నిద్ర అని పాట కట్టుకున్నారు. ఆ పాటలో ఆమె పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుంటే, ఎవరో పరాయివాడనుకొని భయపడుతుంది. ఆ భయం ఎంత నిజంగా ఉందో చూడండి. అన్నేళ్ళు దూరంగా ఉన్న మొగుడు ఇంటికొస్తే కొత్తగానే ఉంటాడు. కువైట్ నుంచి తిరిగొచ్చిన అమ్మను చూసి వాళ్ళవ్వ కొంగు వెనక దాక్కున్న పిల్లల్ని మీ ఊళ్ళో మీరు చూసే ఉంటారు. కవి వదిలేసిన చోటును ఆ పాట కట్టినవాళ్ళు తమకు తెలిసిన బతుకుతో నింపారు, అయినా రామాయణంలో ఉన్న ఒక్క సంగతినీ మార్చలేదు. మీరూ అంతవరకు చేయొచ్చు.

ఇక అసలు పని. మీ ప్రశ్నలోనే మీరు గమనించకుండా రాసిన రెండు సంగతులున్నాయి. అవి చూసి నేను లేచి కూర్చున్నాను.

మొదటిది: ప్రయాణం "పీర్ల పండుగ అయిన మూడో నాడు" అని నవలలో ఉందని రాశారు. కథ జరిగింది 2015లో అని, ఊళ్ళో శనక్కాయలు పీకుతున్నారని కూడా రాశారు. సరిపోయింది. ఆ ఏడాది ముహర్రం పదో రోజు అక్టోబరు 24న వచ్చింది. మూడో నాడు అంటే 27. అక్టోబరు 27 పున్నమి. అంటే మీరు వేయబోయే రాత్రి దాదాపు నిండు వెన్నెల రాత్రి! మీ మూడు బొమ్మల్లోనూ నల్లటి చీకటి, మధ్యలో ఒక బల్బు అని రాశారు. రచయిత ఆకాశంలో చంద్రుణ్ణి పెట్టి ఊరుకున్నారు, మీరు ఆర్పేశారు.

ఏడాది తెలియకపోయినా ఇది పట్టుకోవచ్చు. ముహర్రం నెల నెలవంకతో మొదలవుతుంది కాబట్టి పదో రోజంటే మన లెక్కలో శుద్ధ దశమి, ఏకాదశి ప్రాంతం. మూడు రోజులు కలిపితే పున్నమి ముంగిట్లో ఉంటాం. అట్లాగే ఉగాది ముందు రాత్రి అని నవలలో ఉంటే అది అమావాస్య చీకటి, ఇంకో మాట లేదు. దీపావళి రాత్రీ అంతే. సంక్రాంతి అని ఉంటే మాత్రం మోసపోవద్దు. అది సూర్యుణ్ణి బట్టి వచ్చే పండుగ, ఆ రాత్రి చంద్రుడు ఎట్లాగైనా ఉండొచ్చు. నవలలో పండుగ పేరు కనిపిస్తే చంద్రుడు కనిపించినట్టే. ఈ ఒక్క అలవాటు నాకు ఎన్ని బొమ్మల్లో దారి చూపిందో చెప్పలేను.

ఇంకొంచెం ముందుకు పోదాం. ఏజెంటు కారు తెల్లారుజామున మూడింటికి వచ్చిందని రాశారు. పున్నమి చంద్రుడు అర్ధరాత్రికి నడినెత్తికి వస్తాడు, మూడింటికి పడమరకు వాలి ఉంటాడు. మన పల్లెల్లో చాలా ఇళ్ళు తూర్పు వాకిలి. అంటే చంద్రుడు ఇంటి వెనక ఉన్నాడు. ఇంటి నీడ వాకిట్లోకి పరుచుకొని ఉంటుంది. ఆమె గడప దాటినప్పుడు అడుగు పెట్టేది వెన్నెల్లోకి కాదు, తన ఇంటి నీడలోకి. ఆ నీడ దాటాకే వీధిలో వెన్నెల. ఇది నేను కల్పించింది కాదు. నవలలో ఉన్న తేదీ, మనకు తెలిసిన వాకిలి, రెండూ కలిపితే వచ్చింది. ఆ వాకిలి ఎటు ఉందో నవలలో ఎక్కడైనా చెప్పారేమో వెతకండి. పొద్దున్నే వాకిట్లో ఎండ పడిందన్న మాట ఒక్కటి దొరికినా చాలు. వాన, మబ్బు ప్రస్తావన ఉందేమో కూడా చూడండి, అది మన వైపు ఈశాన్య రుతుపవనాల కాలం.

పీర్ల పండుగ అయిందంటే ఇంకొకటి. పీర్ల చావిడి ముందు గుండం పూడ్చి ఉంటారు. వీధిలో చావిడి కనిపించేటట్టయితే అక్కడ కొత్త మట్టి ఉంటుంది. వెన్నెల్లో కొత్త మట్టి చుట్టూ ఉన్న తొక్కుడు నేల కంటే వేరే రంగులో కనిపిస్తుంది. బొమ్మలో అది అరచేయి అంత చోటు కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్ళు పడతారు.

రెండో సంగతి దీనికంటే పెద్దది. ఆరు నెలల తర్వాత బిడ్డ వాళ్ళమ్మ దువ్వెనను తలగడ కింద పెట్టుకొని పడుకుంటుందని, ఆ పేజీ చదివి ఏడ్చానని రాశారు. అమ్మా, ఆ దువ్వెన ఏ రోజు చేతులు మారింది? ముందు రోజు వరకు అది తల్లిది. తల్లి వెళ్ళిపోయాక బిడ్డది. మధ్యలో ఉన్నది ఆ రాత్రి ఒక్కటే. అంటే రచయిత ఆ రాత్రిని పూర్తిగా దాచలేదు. అందులోంచి ఒక్క వస్తువును తీసి నూరు పేజీల అవతల పెట్టారు. తల్లి కావాలని వదిలిపోయిందా? మరిచిపోయిందా? బిడ్డ తీసి దాచుకుందా? మీ బొమ్మ ఇక్కడుంది. ఏడుపులో లేదు.

ఇట్లాంటివి దొరకాలంటే ఎట్లా చదవాలో చెప్తాను. ఒకసారి పాఠకుడిగా మామూలుగా చదవండి, అది అయిపోయింది. రెండోసారి పెన్సిల్ పట్టుకొని వెలుతురు గురించిన మాటలు మాత్రమే గుర్తు పెట్టండి: దీపం, బల్బు, ఎండ, మబ్బు, కరెంటు పోవడం. మూడోసారి వస్తువులు: ఏది ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, తర్వాత ఎక్కడ తేలింది. మనుషులు ఏమనుకున్నారో రాసుకోవద్దు. అది నవల పని. మనకు కావాల్సింది నులకమంచం ఏ గోడకు ఆనించి ఉందో.

ఈ పద్ధతి నాకు తేలిగ్గా రాలేదు. చాలా ఏళ్ళ కింద ఒక నవలకు బొమ్మలు వేశాను. రచయిత పెద్దాయన, మా జిల్లావారే. అందులో ఒక ముసలమ్మ పాత మిద్దెలో ఒంటరిగా రాత్రంతా మేలుకునే సందర్భం ఉంది, దాన్ని ఆయన వర్ణించలేదు. నేను లాంతరు వెలుగులో ఆమె ముడతలు పడిన ముఖాన్ని వేశాను. ఆ ముడతల మీద నాలుగు రోజులు పని చేశాను, చాలా బాగా వచ్చాయని సంబరపడ్డాను. ఆయన బొమ్మ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, "ముందు అధ్యాయంలో కిరసనాయిలు అయిపోయిందని రాసినా కదా సార్, లాంతరు యాడ్నించి వచ్చె?" అన్నారు. మెల్లగానే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మళ్ళీ చదివితే, కిరసనాయిలు అయిపోయిన మాట తర్వాత నాలుగు వాక్యాలకే మిద్దెకు గవాచి ఉందన్న మాట ఉంది.

పట్నం పిల్లలకు గవాచి తెలియదు. మట్టి మిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలే కంత అది. పగలు అందులోంచి ఎండ ఒక ముద్దలాగా నేల మీద పడి, పొద్దుతో పాటు గోడెక్కుతుంది. రాత్రి వెన్నెల కూడా అంతే. రెండో బొమ్మలో నేను ముసలమ్మను చీకట్లో వదిలేసి, గవాచి లోంచి పడ్డ వెన్నెల ముద్దను ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. కాలి కడియం మాత్రం కనిపిస్తుంది. నాలుగు రోజుల ముడతలన్నీ పోయాయి. ఆ బొమ్మనే పుస్తకంలో వేశారు.

ముఖం గురించి ఇక్కడే చెప్పేస్తాను. మీ బొమ్మలో తల్లి ముఖం ఎదురుగా చూపించకండి. క్రీస్తు పూర్వం గ్రీసులో తిమాంథెస్ అనే చిత్రకారుడు కూతుర్ని బలివ్వాల్సి వచ్చిన తండ్రి బొమ్మ వేశాడని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరి ముఖాల్లో దుఃఖాన్ని వేసి, తండ్రి ముఖాన్ని మాత్రం బట్టతో కప్పేశాడట. అసలు బొమ్మ ఇప్పుడు లేదు. కానీ పాత రోమన్ పట్నం పాంపేయిలో దొరికిన గోడబొమ్మ ఒకదాంట్లో ఆ తండ్రి ముసుగు కప్పుకొనే నిలబడి ఉన్నాడు. ఎదురుగా ముఖం వేస్తే చూసేవాళ్ళు ఏడుపును కొలుస్తారు. ఎంత బాగా ఏడుస్తోంది అని. ముఖం లేకపోతే వాళ్ళకు తమ అమ్మ గుర్తొస్తుంది.

ఆమె వయసు కూడా చూసుకోండి. కువైట్ లాంటి దేశాలకు ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాలన్నది మన ప్రభుత్వ నియమం. ఏజెంటు కాగితాల్లో వయసు మార్చిన సంగతి నవలలో ఉంటే వేరు. లేదంటే ఆమె ముప్పై దాటిన మనిషి. శనక్కాయ చేలల్లో వంగి పని చేసిన వీపు, చేతులు. మీరు గీసిన తల్లి కాలేజీ అమ్మాయిలా ఉందని మీ ఫ్రెండు అన్నదని రాశారు కదా, ఆమె అన్నది నిజం. వీపు వంపులోనే వయసు చూపించొచ్చు.

ఇప్పుడు గుర్తు మాట. జరిగినదాన్ని కాకుండా దాని గుర్తును వేయమని ఎందుకంటున్నానో లేపాక్షి చూస్తే తెలుస్తుంది. మీరు అనంతపురంలోనే ఉన్నారు, ఒక ఆదివారం బస్సెక్కండి. వీరభద్రాలయం పైకప్పు నిండా పదహారో శతాబ్దపు విజయనగర చిత్రాలున్నాయి: పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం. తల నొప్పి పుట్టేదాకా చూడండి. ఆ చీరల అంచులు, ఆ నల్లటి గీతలో ఉన్న ధైర్యం ఇంకెక్కడా దొరకవు. అయితే అక్కడికి వచ్చే జనం ఎక్కువసేపు నిలబడేది ఆ చిత్రాల కింద కాదు. కల్యాణ మండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలున్నాయి. గుడి కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్ము వాడుకున్నాడని నింద పడి, రాజు శిక్ష వేయకముందే తన కళ్ళు తానే పెరికి ఆ గోడకేసి కొట్టాడని జనం చెప్పుకునే కథ. అది కథే. కానీ ఆ సంఘటనను ఎవరూ బొమ్మ వేయలేదు. రెండు మరకలు, సగంలో ఆగిన మండపం, అంతే. పిల్లలు ఆ మరకల ముందు ఎట్లా నిశ్శబ్దమైపోతారో నేను స్కూలు ట్రిప్పుల్లో ఎన్నిసార్లు చూశానో. కథను వాళ్ళు తలలో తామే వేసుకుంటున్నారు.

మీ దువ్వెన ఆ మరకలాంటిది.

అయితే ఒక జాగ్రత్త. గుర్తును వేయమన్నానని వస్తువులన్నీ తెచ్చి కుప్ప పోయకూడదు. పాస్‌పోర్టు, టికెట్టు, ఊరగాయ సీసా, బిడ్డ బొమ్మ, తాళిబొట్టు, కువైట్ జెండా, ఇవన్నీ ఒకే బొమ్మలో పెట్టిన ఒక కుర్రవాడి క్యాన్వాస్ నా దగ్గరికి వచ్చింది. అది చదువుకోవాల్సిన బోర్డులా ఉంది. ఒక్క వస్తువు చాలు. రెండోది ఉంటే అది మొదటిదానికి దారి చూపించాలి.

రెండో జాగ్రత్త, మీ ఊహను ఆ పని చేసినవాళ్ళకు చూపించండి. ఇది నా ఎద్దుల బొమ్మ నేర్పింది. కరువు కథ ఒకదాంట్లో రైతు ఎద్దుల్ని సంతకు తోలుకుపోతాడు. తర్వాతి పుటలో ఇంట్లో ఎద్దులు మేత తినే గాడి ఖాళీగా ఉంటుంది. నేను ఆ మధ్య నడకను వేశాను. సాయంత్రం ఎర్రటి ఎండ, ఊరి బాట, తల వంచుకొని వస్తున్న రైతు. స్కూల్లో గోడకు పెట్టి ఉంటే, మనవణ్ణి బడికి దింపడానికి వచ్చిన ఒక ముసలాయన చూసి, "ఎద్దులమ్మినోడు పొద్దుండంగా ఊర్లోకి రాడు నాయనా. చీకటి పడినాక వస్తాడు, అదీ ఎనక దావన" అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు: అమ్మినవాడు పలుపు తాళ్ళు ఇచ్చేయడు, భుజానేసుకొని తెచ్చుకుంటాడని. నేను పుస్తకాల్లోంచి తెచ్చుకున్న ఎర్రటి ఎండ ఆ రెండు మాటల ముందు నిలబడలేదు. కొత్త బొమ్మలో ఊరు వెనకవైపు నుంచి కనిపిస్తుంది, దిబ్బలు, కంపచెట్లు, చీకటి. మనిషి ఒక నల్లటి ఆకారం, భుజం మీద రెండు తాళ్ళు మాత్రం కొంచెం తెల్లగా. ఆ ముసలాయనకు చూపించాలని ఎదురుచూశాను, ఆయన మళ్ళీ కనిపించలేదు.

మీ ఊళ్ళో కువైట్ పోయివచ్చినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. అడగండి. "ఆ రాత్రి ఏడ్చినారా?" అని మాత్రం అడగొద్దు, అందరూ ఏడ్చినామనే అంటారు. "బ్యాగు ఎక్కడ పెట్టినారు? ఎవరు మోసినారు? బిడ్డ మేలుకుంటే ఏం చెప్పినారు? వాకిలి ఎవరు మూసినారు?" అని అడగండి. పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి, ఫొటో తీసి దాన్నే బొమ్మగా దించకండి. వాళ్ళు చెప్పేది మీకు తెలియడానికే, బొమ్మలో వాళ్ళను నిలబెట్టడానికి కాదు.

ఒక్క రాత్రి అక్కడే ఆరుబయట కూర్చోండి కూడా. పున్నమికి ముందు రాత్రి, మూడింటికి, మీ ఇంటి వాకిట్లోనే, ఇంట్లోవాళ్ళకు చెప్పి. మీరు రాయచోటి వైపు అమ్మాయి కావడం ఈ బొమ్మకు పెద్ద అదృష్టం. ఇంగ్లండులో జాన్ ఎవరెట్ మిలే అనే చిత్రకారుడు 1851, 52లో షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలోని ఒఫీలియా బొమ్మ వేశాడు. ఆ అమ్మాయి ఏట్లో మునిగి చనిపోవడం నాటకంలో వేదిక మీద జరగదు, రాణి వచ్చి చెప్తుంది, అంతే. మీరు వేయబోయేలాంటి కనపడని ఘట్టమే. మిలే ముందు మనిషిని వేయలేదు. సర్రే ప్రాంతంలో ఒక చిన్న ఏటి ఒడ్డున నెలల తరబడి కూర్చొని గడ్డి, ఆకులు, పూలు వేశాడు. మనిషి తర్వాత వచ్చింది. ఎలిజబెత్ సిద్దల్ అనే ఆమె స్నానాల తొట్టిలో నీళ్ళలో పడుకొని మోడల్‌గా ఉంది. చలికాలం, నీళ్ళు వెచ్చగా ఉండాలని తొట్టి కింద పెట్టిన దీపాలు ఆరిపోతే ఆమెకు జబ్బు చేసింది. ఆ చివరి సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, బొమ్మ కోసం మనిషిని అట్లా చేయకూడదు. ఏటి ఒడ్డు పని మాత్రం నేర్చుకోండి. చోటు నిజంగా ఉంటే, అక్కడ జరిగింది కూడా నిజమనిపిస్తుంది.

రంగుల దగ్గరికి వస్తే, మీ దగ్గర అక్రిలిక్ ఉందని రాశారు. సరిపోతుంది, ఆయిల్ కోసం టెన్షన్ పడి డబ్బు పెట్టకండి. అనంతపురం ఎండకు, గాలికి అక్రిలిక్ పలక మీదే ఆరిపోతుంది. తడిబట్ట మీద పల్చటి కాగితం పరిచి దాని మీద రంగులు పెట్టుకోండి, నీళ్ళ స్ప్రే పక్కన ఉంచుకోండి, వేకువన వేయండి. అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుందని గుర్తుంచుకోండి. రాత్రి బొమ్మలో ఈ సంగతి మరిస్తే తెల్లారేసరికి నీడలన్నీ కలిసిపోయి ఒకే నల్ల ముద్ద అవుతుంది.

నల్లరంగు ట్యూబు మూత తీయకండి. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలపండి. నీలం ఎక్కువైతే చల్లటి చీకటి, సియెన్నా ఎక్కువైతే వెచ్చటి చీకటి. ఈ బొమ్మకు రెండూ కావాలి. వీధి వెన్నెలది, అక్కడ చల్లటిది. ఇంటి నీడలో, గుమ్మం చుట్టూ వెచ్చటిది. వెన్నెలంటే నీలం పూసేస్తారు చాలామంది. వెన్నెల్లో మన ఎర్ర నేల నీలంగా ఉండదు. రంగు తగ్గిపోయి బూడిదలా అవుతుంది, ఎరుపు ఉందని మనసుకు తెలుస్తుందే కానీ కంటికి కనిపించదు. వాకిట్లో కూర్చున్న రాత్రి ఇది చూడండి, నా మాట మీద నమ్మకండి.

క్యాన్వాస్ ముట్టుకునే ముందు పోస్టు కార్డు సైజులో ఇరవై చిన్న స్కెచ్‌లు, మూడే ఛాయల్లో: తెలుపు, మధ్యస్థం, నలుపు. ముఖాలు, బట్టల అంచులు వద్దు. నీడ ఎక్కడ ఆగింది, వెలుగు ఎక్కడ మొదలైంది, అంతే. పన్నెండో స్కెచ్ దాటేదాకా మీకు ఇంతకుముందు చూసిన బొమ్మలే వస్తాయి. నాకూ అంతే వస్తాయి. పదమూడో దానికో పదిహేనో దానికో అవి అయిపోయి మీ బొమ్మ మొదలవుతుంది. గోడ మీద వరుసగా అంటించి పది అడుగుల దూరం నుంచి చూడండి. దూరం నుంచి ఏది పిలుస్తుందో అదే. సైజు రెండడుగులు, మూడడుగులు దాటొద్దు. ఇది పెద్దగా అరిచే బొమ్మ కాదు.

వేయకూడని ఘట్టాలు కూడా ఉంటాయి. రాయలసీమ నవల అనగానే కత్తులు, బాంబులు వేయమని అడిగేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. ఒక నవలలో రచయిత హత్యను చూపించకుండా, ఇంటి ముందు ముగ్గు వేస్తున్న భార్య దగ్గర అధ్యాయం ఆపారు. కవరు మీద ఆ హత్య వేయమని నన్ను అడిగారు. వేయనన్నాను. చూపించకపోవడం ఆ రచయిత ఆ మనిషికి ఇచ్చిన మర్యాద. నేను సగంలో ఆగిన ముగ్గు, పక్కన ఒరిగిన ముగ్గు చిప్ప వేసి ఇచ్చాను. వాళ్ళకు నచ్చలేదు, వేరేవాళ్ళతో వేయించుకున్నారు. నాకు బాధ లేదు. మన సీమను చంపుకునే జనంగా చూపించే బొమ్మకు నా చెయ్యి రాదు. రచయిత ఎందుకు దాచారో ప్రతిసారీ అడగండి. చోటు చాలక వదిలేశారా, తెలిసి వదిలేశారా? అవమానాన్నో, చావునో దాచి ఉంటే దాని జోలికి పోవద్దు.

ఎగ్జిబిషన్‌లో పెట్టొచ్చా, అమ్మొచ్చా అని చివర్లో అడిగారు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత అరవై ఏళ్ళు రచన మీద హక్కు ఉంటుందని మన కాపీరైట్ చట్టం చెప్తుంది. మీ ఊహతో మీరు వేసుకున్న ఇల్లు, వెన్నెల, దువ్వెన మీవే. నవలలోని వాక్యాలను క్యాన్వాస్ మీద రాయడం, దాని కవరు బొమ్మను వాడుకోవడం, నవల పేరు పెట్టి బొమ్మ అమ్మడం మాత్రం అడగకుండా చేయకండి. అసలు చట్టం అడగకపోయినా ఆ రచయితకు ఒక ఉత్తరం రాయండి. తాము వదిలేసిన రాత్రి గురించి ఎవరో అమ్మాయి ఇంతగా ఆలోచించిందని తెలిస్తే సంతోషించని రచయితను నేనింకా చూడలేదు. అయితే బొమ్మ పూర్తయ్యాకే రాయండి. ముందే రాస్తే ఆయన ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేస్తారు, మీకు వేయడానికి ఏమీ మిగలదు.

చివరగా ఒక పని చేసి నాకు ఇక్కడే చెప్పండి. బ్యాగు సర్దుకునే అధ్యాయం మళ్ళీ తీయండి. ఆమె ఏమేం పెట్టుకుందో రచయిత వరుసగా రాశారన్నారు కదా: రెండు చీరలు, నైటీలు, శనక్కాయల పొడి, ఊరగాయ, జండూబామ్. ఆ వరుసలో దువ్వెన ఉందా? ఉంటే, అర్ధరాత్రి ఎవరో ఆ జిప్పు మళ్ళీ తీశారు. అప్పుడు మీ బొమ్మలో బ్యాగు కొంచెం తెరిచి ఉండాలి, బిడ్డ పక్క ఖాళీగా ఉండాలి. లేకపోతే, అది తల్లి చివరిసారి తల దువ్వుకున్న చోటే ఉండిపోయింది. అప్పుడు అద్దం ఎక్కడుందో వెతకాలి.